మొహమాటపడటం, మొహమాటపెట్టడం

తెలుగులో స్త్రీలు రాసిన కథల పుస్తకాలకీ కవితా సంపుటాలకీ ఉన్న ముందుమాటలు, వెనక అట్టల మీది వాక్యాలు వరసపెట్టి చదివితే ఒక మాట మళ్లీ మళ్లీ ఎదురవుతుంది. ‘నిర్మొహమాటంగా రాశారు.’ దాని పక్కనే దాని చుట్టాలు ‘నిస్సంకోచంగా’, ‘నిర్భయంగా’ కూడా ఉంటాయి. పుస్తకం ఇంకొంచెం కొత్తదైతే ‘బోల్డ్‌గా’ అని ఉంటుంది. ఇవన్నీ మెచ్చుకోళ్లే. రాసినావిడకి అవి చూసుకుని సంతోషం కలగడమూ సహజమే. అయినా ఈ మెచ్చుకోలు కనిపించినప్పుడల్లా నాకొక సందేహం వస్తుంది. ఇది రచన గురించి చెప్పిన మాటా, రాసిన మనిషి గురించి చెప్పిన మాటా? మగకవి ఎంత ఘాటుగా రాసినా అతని పుస్తకం గురించి మాట్లాడేటప్పుడు వస్తువు గురించి, శిల్పం గురించి, ప్రాపంచిక దృక్పథం గురించి చర్చిస్తాం. ఆడవాళ్ల పుస్తకం దగ్గరికొచ్చేసరికి ధైర్యం గురించి మాట్లాడి ఊరుకుంటాం. ధైర్యానికి సర్టిఫికెట్టు ఇచ్చేశాక ఇక చదవాల్సిన పని లేనట్టు.

అందుకే ఈ ఒక్క మాటని పట్టుకుని కాస్త వెనక్కీ ముందుకీ నడిచి చూద్దామనిపించింది. విజయవాడలో ఏళ్ల తరబడి తెలుగు పాఠాలు చెప్పినదాన్ని కాబట్టి మాటల దగ్గర ఆగడం నాకు అలవాటు. ఆగినచోట ఆడవాళ్ల బతుకు కనిపించడం మాత్రం స్త్రీవాదం నేర్పిన అలవాటు.

ముందు మాట కట్టుబడి చూడండి. ‘మొహమాటం’ అచ్చంగా మన మాట. పాత తెలుగులో మొగమోటము, మోమోటమి అనే రూపాలున్నాయి. ఏ రూపం తీసుకున్నా అందులో మొహం ఉంది. ఎదుటివాళ్ల మొహం చూసి మనం అనదలుచుకున్నది అనలేకపోవడం, వద్దనాల్సిన చోట వద్దనలేకపోవడం మొహమాటం. ఆ తెలుగు మాటకి ముందు ‘నిర్’ అనే సంస్కృతపు ఉపసర్గ తగిలించి నిర్మొహమాటం అన్నాం. అంటే మనసులో ఉన్నది ఉన్నట్టు చెప్పడానికి వాడే ఈ మాట, చెప్పడాన్ని కాక ఒక అడ్డు లేకపోవడాన్ని చెబుతోంది. నిస్సంకోచం, నిర్భయం, నిష్కపటం, దాపరికం లేకుండా... అన్నీ ‘లేదు’ మాటలే. అడ్డు ముందు ఉంది. అది సహజం. దాన్ని దాటడం విశేషం. మాట పుట్టుకలోనే ఈ లెక్క ఉంది.

‘లేదు’ తోవలో కాకుండా సూటిగా చెప్పే మాటలూ మనకున్నాయి. ముక్కుసూటి మనిషి, నిక్కచ్చి మనిషి, కుండబద్దలు కొట్టినట్టు మాట్లాడే మనిషి. మా కృష్ణా డెల్టా ఊళ్లలో ఈ మాటలు రోజూ వినిపిస్తాయి. కానీ ఎవరి గురించి వినిపిస్తాయి? పంచాయితీలో పెద్దమనిషి గురించి, బాకీ మొహం మీద అడిగే వ్యాపారి గురించి, పార్టీ నాయకుడి గురించి. అదే గుణం ఆడమనిషిలో కనిపిస్తే మాట మారిపోతుంది. ఆమెకి నోరెక్కువ, నోటి దురుసు, గయ్యాళి. ఇంకో అడుగు వేస్తే తెగించింది, బరితెగించింది. అతని సూటిదనం ముక్కులో ఉంది, ఆమె సూటిదనం నోట్లో ఉంది. ముక్కు ఎప్పుడూ తలెత్తుకునే ఉంటుంది, నోరు మాత్రం మూసుకోవాల్సింది!

ఇంట్లో ‘మొహమాటం’ ఎక్కువగా వినిపించేది ఎక్కడ? వడ్డన దగ్గర. ‘మొహమాటపడకండి అన్నయ్యగారూ, ఇంకాస్త పప్పు వేయించుకోండి.’ ‘కొత్తల్లుడు కదా, మొహమాటపడుతున్నాడు, నువ్వే చూసి వడ్డించమ్మా.’ అంటే మొహమాటం అతిథికి ఉండే మర్యాద, అల్లుడికి ఉండే ముచ్చట. దాన్ని పోగొట్టడానికి ఇల్లంతా పూనుకుంటుంది. ఆ వడ్డించే మనిషి అందరూ తిన్నాక గిన్నె అడుగున మిగిలింది వేసుకుంటుంది. ఆమెతో ‘మొహమాటపడకు’ అని ఎవరూ అనరు. కొత్తకోడలు కంచం ముందు అన్నం చాలక కూర్చుంటే దాన్ని మొహమాటం అనరు, అణకువ అంటారు. ఒకే రకం వెనకాడటం మగవాడి దగ్గర తాత్కాలికమైన ఇబ్బంది, ఆడదాని దగ్గర శాశ్వతమైన గుణం. గుణమయ్యాక దాన్ని పోగొట్టాల్సిన అవసరం ఎవరికుంది?

ఈ మాటతో మనకొక సామెత ఉంది. ‘మొహమాటానికి పోతే కడుపయిందట.’ నవ్వడానికి చెప్పే సామెత. అప్పు ఇచ్చి తిప్పలు పడ్డవాడి గురించి, హామీ సంతకం పెట్టి ఇరుక్కున్నవాడి గురించి మగవాళ్లు మగవాళ్లతోనే నవ్వుతూ చెప్పుకుంటారు. క్లాసులో సామెతల పాఠం చెప్పేటప్పుడు అబ్బాయిలు ఇది ఎత్తుకోగానే నవ్వులు వచ్చేవి. అమ్మాయిలు తలలు దించుకునేవాళ్లు. ఆ నవ్వుల మధ్య నేను అడిగే ప్రశ్న ఒకటే. ‘ఈ సామెతలో ఎంతమంది ఉన్నారు?’ ఒక్కతే అనేవాళ్లు. ఒక్కతే అయితే కడుపెలా అవుతుందర్రా?

ఆ రెండో మనిషి సామెతలో లేడు. అడిగినవాడు లేడు, కాదనలేని చోట నిలబెట్టినవాడు లేడు. ఉన్నదల్లా వద్దనలేకపోయిన ఆడమనిషీ, ఆమె పొట్టా. బలవంతం కావచ్చు, భయం కావచ్చు, తిండి పెట్టే చేతిని కాదనలేని గతిలేనితనం కావచ్చు. సామెత వీటన్నిటినీ కలిపి అతిమర్యాదగా మార్చి మనచేత నవ్విస్తుంది. ప్రతిఘటించనంత మాత్రాన స్త్రీ ఒప్పుకున్నట్టు కాదని మన దేశపు శిక్షాస్మృతి 2013 సవరణలో స్పష్టంగా రాసుకుంది. సామెత ఇంకా సవరణ కాలేదు.

ఇక్కడ మన భాషే మనకొక సాయం చేస్తోంది. తెలుగులో ‘మొహమాటపడటం’ ఒక్కటే లేదు, ‘మొహమాటపెట్టడం’ కూడా ఉంది. ‘నన్ను మొహమాటపెట్టకండి’ అంటాం కదా, అది. పడేవాళ్లు ఒకరైతే పెట్టేవాళ్లు ఇంకొకరు. మొహమాటం ఒక మనిషి లోపల పుట్టి పెరిగే పిరికితనం కాదనీ, ఇద్దరి మధ్య జరిగే వ్యవహారమనీ, అందులో ఒకరి చేతిలో అధికారం ఉంటుందనీ ఈ రెండు క్రియలూ కలిసి చెబుతున్నాయి. నిర్మొహమాటం దగ్గరికి వచ్చేసరికి ఈ రెండో క్రియ మాయమైపోతుంది. ‘ఆమె మొహమాటపడకుండా రాసింది’ అంటాం. ‘ఆమెని ఇన్నాళ్లూ ఎవరు మొహమాటపెట్టారు’ అని అడగం. నా అభ్యంతరమంతా ఇక్కడే ఉంది.

ఈ కొలత ఇవాళ పుట్టింది కాదు. 18వ శతాబ్దంలో తంజావూరు రాజాస్థానంలో ఉన్న ముద్దుపళని ‘రాధికాసాంత్వనము’ రాసింది. స్త్రీ కోరికని స్త్రీ వైపు నుంచి చెప్పిన కావ్యం. కందుకూరి వీరేశలింగం ఆ కవయిత్రిని నీతి, సిగ్గు అనే తూకంలో వేసి తీసిపారేశారు. బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో ఆ కావ్యాన్ని పరిష్కరించి వావిళ్లవారి ద్వారా అచ్చు వేయించినప్పుడు, సిగ్గు అనేది ఆడవాళ్లకేనా, మగవాళ్లకి అక్కర్లేదా అని నిలదీసింది. మగకవుల శృంగారానికి లేని అభ్యంతరం ముద్దుపళని దగ్గరే ఎందుకొచ్చిందన్నది ఆమె ప్రశ్న. ప్రభుత్వం పుస్తకాన్ని నిషేధించింది. టంగుటూరి ప్రకాశం మద్రాసు ప్రధానిగా ఉన్నప్పుడు గానీ ఆ నిషేధం తొలగలేదు. నా ఉద్దేశంలో నాగరత్నమ్మ ప్రశ్న తెలుగు స్త్రీవాద విమర్శలో మొదటి వాక్యాల్లో ఒకటి. ఎందుకంటే ఆమె ముద్దుపళని ధైర్యాన్ని పొగడటంతో ఆగలేదు. సిగ్గుపడమని అడుగుతున్నవాడి వైపు వేలు చూపించింది. సామెతలో లేని రెండో మనిషిని తెచ్చి ముందు నిలబెట్టింది.

రెండో మనిషి ఎప్పుడూ మొహమాటపెట్టేవాడే కానక్కర్లేదు. వినే మనిషి కూడా కావచ్చు. డెల్టాలో స్త్రీలు మాట్లాడటం మొదలుపెట్టిన చరిత్ర చూస్తే ఈ సంగతి బాగా తెలుస్తుంది. నందిగామ ప్రాంతంలో పుట్టిన భండారు అచ్చమాంబ 1902లో బందరులో బృందావన స్త్రీ సమాజం ఏర్పడటానికి పూనుకుంది. ఆవిడ కథలు రాసింది, ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ రాసింది. వాటితోపాటు స్త్రీలు కూర్చుని మాట్లాడుకునే చోటు ఒకటి కావాలని తిరిగింది. రాయడం, వినే చోటు తయారుచేయడం ఆమెకి రెండు వేరు వేరు పనులు కావు. ఆ తర్వాతి తరంలో బాపట్లకి చెందిన కనుపర్తి వరలక్ష్మమ్మ ‘గృహలక్ష్మి’ పత్రికలో 1920ల చివరి నుంచి ‘శారద లేఖలు’ రాసింది. శారద అనే పేరుతో స్నేహితురాలికి రాసే ఉత్తరాలు. చదువు, పెళ్లి వయసు, చట్టాలు, దేశం, ఇల్లు అన్నీ వాటిలో వచ్చాయి. వేదిక ఎక్కి చెబితే ఉపన్యాసమయ్యే సంగతులు స్నేహితురాలికి చెబితే కబుర్లయ్యాయి. పత్రిక చదివే ప్రతి ఆడమనిషీ ఆ స్నేహితురాలి కుర్చీలో కూర్చుంది.

అదే 1920ల్లో, తెనాలిలో పెరిగి తర్వాత బెజవాడలో చాలాకాలం ఉన్న చలం ‘మైదానం’ రాశాడు. రాజేశ్వరి తన కథ తానే చెబుతుంది. తెలుగులో స్త్రీ నిర్మొహమాటానికి ఉదాహరణ చెప్పమంటే ఇప్పటికీ చాలామంది నోట మొదట వచ్చేది రాజేశ్వరే. చలం చేసిన మేలు తక్కువది కాదు, దాన్ని కాదనను. కానీ గమనించండి. ఒక మగరచయిత ఊహించిన ఆడగొంతు మనకి నిర్మొహమాటానికి కొలబద్ద అయింది. నిజంగా ఆడదే రాసిన శారద గొంతు ‘గృహిణుల సాహిత్యం’ అయింది. లైంగికత గురించి మాట్లాడితేనే బయటపడ్డట్టు, శారదా చట్టం గురించి మాట్లాడితే సలహా చెప్పినట్టు. పన్నెండేళ్ల పిల్లకి పెళ్లి చేయకండని పన్నెండేళ్లకి పెళ్లి చేస్తున్న ఇంట్లోకే ఉత్తరం పంపడం ఎంత మొహమాటం వదిలితే సాధ్యం!

బెజవాడలోనే ఇంకో ఉదాహరణ. గోరా, సరస్వతి గోరా 1940లో ముదునూరులో మొదలుపెట్టిన నాస్తిక కేంద్రం 1947లో విజయవాడ పటమటకి వచ్చింది. దాపరికం లేకపోవడాన్ని ఒక జీవిత విధానంగా పెట్టుకున్న ఇల్లది. కులం, ముట్టు, గ్రహణం గురించి లోకం ఏమనుకున్నా తాము నమ్మినదే బహిరంగంగా ఆచరించారు. 2006లో కన్నుమూసిన సరస్వతి గోరా గురించి చెప్పేటప్పుడు ‘ధైర్యవంతురాలు’ అని ఊరుకుంటాం. ఆమె ధైర్యం నిజమే. అయితే ఆ ధైర్యానికి చుట్టూ ఒక ఏర్పాటు ఉంది. అన్నమాటకి మొహం ముడుచుకోని ఇల్లు ఉంది. అలాంటి ఏర్పాటు లేని ఆడమనిషి నోరు విప్పకపోతే అది ఆమె గుణదోషమెలా అవుతుంది?

ఇక మన తరం సంగతి. 1980ల్లో, 90ల్లో స్త్రీవాద కవిత్వం వచ్చినప్పుడు విజయవాడ దానికొక ముఖ్యమైన మజిలీ. ‘గురిచూసి పాడేపాట’ 1990లో ఇక్కడి కవిత్వం ప్రచురణలు తెచ్చిన సంకలనమే. ఓల్గా సంపాదకత్వంలో ‘నీలిమేఘాలు’ 1993లో వచ్చింది. సావిత్రి ‘బందిపోట్లు’, జయప్రభ ‘చూపులు’, ‘పైటని తగలెయ్యాలి’, కొండేపూడి నిర్మల ‘లేబర్ రూమ్’ తెలుగు కవిత్వంలో అంతవరకూ లేని చోట్లని తెరిచాయి. అప్పుడు వచ్చిన దాడి మనలో చాలామందికి గుర్తే. నీలి కవిత్వమన్నారు, ఒళ్లు చూపించడమన్నారు. ఆ దాడికి జవాబుగా మనం నిర్మొహమాటాన్ని జెండాలా ఎత్తుకున్నాం. అది అవసరమైన పని. దాని ఫలితంగా లేబర్ రూమ్‌లో ఆడదాని నొప్పి కవితా వస్తువయింది.

కానీ తిట్టు పోయి మెచ్చుకోలు వచ్చాక ఏం జరిగిందో చూడండి. తిట్టినవాడూ ఒంటినే చూశాడు, మెచ్చుకున్నవాడూ ఒంటినే చూశాడు. ఒకడు ‘సిగ్గు లేదు’ అన్నాడు, ఇంకొకడు ‘సిగ్గు విడిచి రాశారు, అభినందనలు’ అన్నాడు. ‘బోల్డ్’ అనే మాట ఈ రెండోవాడు తెచ్చిపెట్టిందే. సినిమా పత్రికల్లో తారల దుస్తులకి వాడే ఆ మాట ఏ తేడా లేకుండా కవయిత్రుల పద్యాలకీ వచ్చేసింది. ‘లేబర్ రూమ్’లో ఉన్నది బోల్డ్‌నెస్ కాదు, ఆసుపత్రిలో పేద, మధ్యతరగతి స్త్రీకి జరిగే అవమానం మీద ఫిర్యాదు. ఫిర్యాదుని వినకుండా ఫిర్యాదు చేసినామె తెగువని మెచ్చుకోవడం ఎంత సుఖమైన పని! ఒంటి గురించి కాక వాదం గురించి రాసినవాళ్లకీ ఇదే గతి. రంగనాయకమ్మ ‘రామాయణ విషవృక్షం’ రాస్తే ఆ తర్కంతో తలపడకుండా ఆమె స్వరం గురించి, ఆశ్చర్యార్థకాల గురించి మాట్లాడి తప్పుకున్నవాళ్లు తక్కువేం కాదు.

నిర్మొహమాటాన్ని ఇలా వస్తువుతోనూ గొంతు పెంచడంతోనూ ముడిపెట్టడం వల్ల మనం పోగొట్టుకున్నదేమిటో చెప్పడానికి పి. సత్యవతి కథ ‘ఇల్లలకగానే’ తీసుకుంటాను. విజయవాడలో ఇంగ్లీషు పాఠాలు చెప్పిన సత్యవతిని గురించి రాసేవాళ్లు ‘సంయమనం’, ‘సున్నితమైన హాస్యం’ అంటారు. ‘నిర్మొహమాటం’ అనరు. కథ మనందరికీ తెలిసిందే. చదువుకున్న, చలాకీ అయిన పిల్ల ఇల్లాలై ఇల్లు అలికీ అలికీ ఒకరోజు తన పేరు మర్చిపోతుంది. చుట్టుపక్కల అడుగుతుంది, పిల్లల్ని అడుగుతుంది, మొగుణ్ని అడుగుతుంది. అందరి దగ్గరా ఆమెకి వరసలున్నాయి, పేరు లేదు. చివరికి చిన్ననాటి స్నేహితురాలు ఎదురై ‘శారదా’ అని పిలుస్తుంది. శారద ఇంటికి వచ్చి, ఇకనుంచి తనని ఆ పేరుతోనే పిలవమని మొగుడికి చెబుతుంది.

ఇందులో శరీరం లేదు, కోపం లేదు, తిట్టు లేదు. అయినా నాకు తెలిసిన తెలుగు కథల్లో ఇంతకంటే నిర్మొహమాటమైనది తక్కువ. ఎందుకు? ఆ ఇంట్లో మొగుడి మొహం, పిల్లల మొహం చిన్నబోకుండా కాపాడటమే ఆమె ఉద్యోగం. ఇల్లు ఎంత బాగుందో అనే సంతోషపు మొహాన్ని ఆమె రోజూ అలికి ముగ్గేసి నిలబెడుతోంది. ‘నా పేరేమిటి’ అని అడగడంతో ఆ మొహం బీటలు వారుతుంది. ఎవరికీ తెలియదు కదా! అంటే మొహమాటం ఆమె బలహీనత కాదు, ఆమె చేసే జీతం లేని చాకిరీల్లో ఒకటి. ఎదుటివాళ్ల మొహాలు నిలబెట్టే చాకిరీ. ఆ చాకిరీని కిందపెట్టడమే నిర్మొహమాటం. గొంతు పెంచి దించవచ్చు, నవ్వుతూ దించవచ్చు. సత్యవతి నవ్వుతూ దించింది. మనం గొంతునే కొలుస్తూ కూర్చుని ఆ పని చూడలేదు.

ఇంకో సంగతి. శారదకి పేరు తిరిగొచ్చింది ఆమె ధైర్యం వల్ల మాత్రమే కాదు. గుర్తుపట్టిన స్నేహితురాలు ఉంది కాబట్టి. వరలక్ష్మమ్మ శారద ఉత్తరాలు రాసుకున్న స్నేహితురాలు, సత్యవతి శారదని పేరుపెట్టి పిలిచిన స్నేహితురాలు, ఇద్దరూ నాకు ఒకే కుర్చీలో కనిపిస్తారు. ‘నిర్మొహమాటంగా’ అనే మాటకి బదులు మన ఆడవాళ్లు మామూలుగా వాడే మాట ‘మనసు విప్పి’. మనసు విప్పడానికి ఎదురుగా ఇంకొకరు ఉండి తీరాలి. ఒంటరిగా మనసు విప్పడం తెలుగులో లేదు.

ఇంతవరకూ ‘మనం’ అంటూ వచ్చాను. ఆ ‘మనం’లో ఎవరున్నారో కూడా అడగాలి. కాలువ మొదట్లో పొలం ఉన్నవాడు నీటి సంఘంలో గట్టిగా మాట్లాడతాడు. శివారు భూముల రైతు మర్యాదగా అడుగుతాడు. డెల్టాలో ఎవరినడిగినా చెబుతారీ సంగతి. మాట సూటిదనం చాలావరకు మనిషి నిలబడ్డ చోటుని బట్టి ఉంటుంది. మరి పొలమే లేనివాళ్లో? నాట్లకీ కలుపులకీ వెళ్లే దళిత స్త్రీలు మధ్యతరగతి ఆడవాళ్లకంటే ఎన్నోరెట్లు సూటిగా మాట్లాడతారు. మేస్త్రి ముందూ మాట్లాడతారు, మొగుడి గురించీ మాట్లాడతారు. దాన్ని మనం ఏమన్నాం? మోటు అన్నాం. ఒకే మాట మోతుబరి అంటే కుండబద్దలు, మధ్యతరగతి కవయిత్రి రాస్తే నిర్మొహమాటం, కూలికెళ్లే ఆమె అంటే మోటు. ఆమె మాటకి కవిత్వంలో చోటు దొరకడానికి ఇంకా కాలం పట్టింది. ‘నల్లపొద్దు’ పేరుతో గోగు శ్యామల సంపాదకత్వంలో దళిత స్త్రీల సాహిత్యం సంకలనంగా వచ్చేసరికి 2003 అయింది.

ఈ సందర్భంలో జూపాక సుభద్ర ‘కొంగు’ కవితని నేను ఒక విమర్శ వ్యాసంగానే చదువుతాను. జయప్రభ పైటని స్త్రీకి కాపలా పెట్టిన బట్టగా చూసి తగలెయ్యమంది. తెలంగాణ దళిత కవయిత్రి సుభద్ర, తనకి కొంగు అలాంటి కాపలా బట్ట కాదనీ, చాకిరీలో, చెమటలో తోడుండే గుడ్డ అనీ చెప్పింది. రెండు కవితలూ నిజాలే చెబుతున్నాయి. కానీ రెండోది ఎవరితో చెప్పిన నిజం? మనతో. మగవాళ్లని నిలదీసినన్నాళ్లూ మనకి నిర్మొహమాటం తేలిగ్గా అర్థమైంది. మొహమాటపెట్టేవాళ్లు అటువైపున్నారు, పడేవాళ్లం ఇటువైపున్నాం. ‘అందరం ఆడవాళ్లమే కదా, మనలో మనకి భేదాలెందుకు’ అనే మంచిమాటతో దళిత, ముస్లిం స్త్రీలని మొహమాటపెట్టినవాళ్లం మనమేనని ‘కొంగు’ చెప్పింది. సుభద్రని కూడా చాలామంది ‘నిర్మొహమాటంగా రాస్తుంది’ అనే మెచ్చుకున్నారు. నాకు ఆ మెచ్చుకోలు కంటే, ఆ కవిత చదివాక పైట కవితని పాఠంగా చెప్పే పద్ధతి మారిందా లేదా అన్నది ముఖ్యం. నేను పాఠం చెప్పినన్నాళ్లూ రెండు కవితల్నీ కలిపే చెప్పాను. పక్కపక్కన పెట్టినప్పుడు ఏ ఒక్కటీ తగ్గదు. పిల్లలు మాత్రం తమ అమ్మ కొంగు ఏ రెండింటిలో ఉందో చూసుకోవడం మొదలుపెడతారు.

ఇదంతా చెప్పింది చివరికి మన సమీక్షల గురించి మాట్లాడటానికే. విజయవాడ పుస్తకాల ఊరు. ఏలూరు రోడ్డులో పుస్తకాల షాపులు, జనవరిలో పుస్తక మహోత్సవం, ఏడాది పొడుగునా ఆవిష్కరణ సభలు. సభలో పుస్తకం గురించి మాట్లాడటానికి పిలిచినవాళ్లు నిన్న రాత్రే పుస్తకం అందిందని మొదలుపెడతారు. రచయిత్రి కుటుంబం ముందు వరసలో ఉంటుంది, శాలువా సిద్ధంగా ఉంటుంది. ఆ మొహమాటం మధ్య ‘నిర్మొహమాటంగా రాశారు’ అనే వాక్యం పుడుతుంది. అంటే నిర్మొహమాటం గురించి మొహమాటంతో చెప్పిన వాక్యమది! ఒక సభలో నా వ్యాసాల పుస్తకం గురించి ఒక పెద్దమనిషి ఇరవై నిమిషాలు మాట్లాడారు. ధైర్యం అనే మాట చాలాసార్లు వచ్చింది. పుస్తకంలో ఉన్న ఒక్క వాదం పేరు కూడా రాలేదు. ఆయనతో పోట్లాడటానికైనా నాకు ఏమీ దొరకలేదు. తిడితే జవాబు చెప్పొచ్చు. పొగడ్తకి ఏం జవాబు చెబుతాం?

స్త్రీలం స్త్రీల పుస్తకాల గురించి రాసేటప్పుడూ ఇదే జరుగుతోంది. అసలే తక్కువమందిమి, బయట శత్రువులు ఎక్కువ, మనలో మనం తప్పులు ఎత్తిచూపుకుంటే ఎలా అనుకుంటాం. దాన్ని సోదరీత్వం అనుకుంటాం. నా మట్టుకు అది వడ్డన దగ్గరి మర్యాదే. ఆమె పుస్తకంలో వాదం ఎక్కడ తెగిందో, ఏ పాత్రని కథ కోసం బలి పెట్టిందో, ఏ కులం ఇంటిని తెలుగు ఇల్లంతా అనుకుని రాసిందో చెప్పకపోతే ఆమెని రచయిత్రిగా కాక అతిథిగా చూస్తున్నట్టు. విమర్శకురాలు రచయిత్రికి ఇవ్వగల గౌరవం, ఆమె మాటని విని దానికి మాటతో జవాబు చెప్పడం.

అందుకని నేనేమీ ఈ మాటని నిషేధించమనడం లేదు. నిషేధాల చరిత్ర మనకి తెలుసు. వాడేటప్పుడు వాక్యాన్ని పూర్తి చేయమంటున్నాను. ‘ఈమె నిర్మొహమాటంగా రాసింది’ అని రాశాక మూడు సంగతులు కూడా రాద్దాం. ఈమెని మొహమాటపెడుతూ వచ్చినవాళ్లెవరు? ఈమె ఎవరి మొహం నిలబెట్టే చాకిరీని కిందపెట్టింది? అది విన్నాక నేను ఏ అభిప్రాయం మార్చుకున్నాను, లేదా ఎక్కడ ఒప్పుకోలేకపోయాను? ఈ మూడో ప్రశ్నే కష్టం. మొదటి రెండూ ఆమె గురించి, మూడోది మన గురించి. దానికి జవాబు రాసినప్పుడు సమీక్ష ఒక పేజీ ఎక్కువవుతుంది, ఒకోసారి ఒక స్నేహం కొన్నాళ్లు ముభావంగా ఉంటుంది. ఉండనిద్దాం. ఆ పేజీలో రచయిత్రి ధైర్యం గురించి ఒక్క ముక్క లేకపోయినా ఆమె అనుకోదు. తన పుస్తకాన్ని ఎవరో చివరిదాకా చదివారని ఆమెకి తెలుస్తుంది.